పేనిన తాడా, అల్లిన తాడా: ఏ పనికి ఏది తీసుకోవాలి

తాడు కొనడానికి వెళ్లినప్పుడు మనం సాధారణంగా రెండు సంగతులే మాట్లాడతాం: ఎంత లావు, కిలో ఎంత. కొనే ముందు తేల్చుకోవలసినవి మాత్రం వేరే ఉన్నాయి. తాడుకు వేలాడే బరువు గిర్రున తిరిగే వీలుందా? తాడు ఎండలో ఉంటుందా, నీళ్లలో ఉంటుందా? లాగుడు నిలకడగా ఉంటుందా, కుదుపుతో పడుతుందా? ఏ అంచుకైనా ఒరుసుకుంటుందా? అన్నిటికంటే ముఖ్యంగా, ఆ కొసన ఉండేది బకెట్టా, బర్రె మెడా, మనిషి ప్రాణమా? సన్నని తాడు కంటే పనికి తగని తాడే ఎక్కువ ప్రమాదమని నా గట్టి అభిప్రాయం. లావు చూసి ధైర్యపడి తప్పుడు రకం తెచ్చుకుంటే ఆ లావు అక్కరకు రాదు.

అందుకే ముందు తాడు ఎలా తయారైందో చూడాలి, తర్వాత దేనితో తయారైందో చూడాలి. లావు, ధర ఆ తర్వాతి సంగతి.

పేనితే ఒక గుణం, అల్లితే ఇంకో గుణం

పీచును ఒక వైపుకు మెలిపెడితే పోగు అవుతుంది. పోగులను కలిపి ఎదురు వైపుకు మెలిపెడితే పురి అవుతుంది. మూడు పురులను మళ్లీ మొదటి వైపుకు పేనితే తాడు. ఈ ఎదురెదురు మెలికలే ఒకదాన్ని ఒకటి విప్పుకోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. చేత్తో పేనినా యంత్రం మీద పేనినా సూత్రం ఇదే. అయితే ఆ మెలికలో ఒక తిరుగుడు ఎప్పుడూ దాగి ఉంటుంది. బరువు పడగానే పురులు నిటారుగా సాగబోతాయి, తాడు విప్పుకోబోతుంది. కొసన బరువు స్వేచ్ఛగా వేలాడుతుంటే అది తిరగడం మొదలుపెడుతుంది. బరువు తీసేయగానే తాడు వెనక్కి తిరిగి, వదులుగా ఉన్న చోటల్లా ఉంగరాలు చుట్టుకుంటుంది. బావిలో చేద వేసినవారు ఈ తిరుగుడును చూసే ఉంటారు.

అల్లిన తాడులో పురులు సగం కుడివైపుకు, సగం ఎడమవైపుకు నడుస్తాయి. జడ కోలాటం చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పైనుంచి వేలాడే తాళ్లను పట్టుకుని సగం మంది ఇటు, సగం మంది అటు, ఒకరిని లోపలి నుంచి, మరొకరిని బయటి నుంచి దాటుతూ తిరిగితే మధ్యలో జడ అల్లుకుపోతుంది. తాళ్లు అల్లే యంత్రం చేసేది అచ్చంగా అదే. ఆడేవారి స్థానంలో దారపు కండెలు తిరుగుతాయి. కుడికి తిప్పాలని చూసే పురులు ఎన్ని ఉన్నాయో ఎడమకు తిప్పాలని చూసేవీ అన్నే ఉంటాయి కాబట్టి బరువు వేలాడదీసినా తాడు తిరగదు. చుట్టలు చుట్టుకోదు, గిలక మీద నునుపుగా జారుతుంది, చేతిలో గుండ్రంగా ఇముడుతుంది.

ఇంత మేలున్నప్పుడు అన్నిటికీ అల్లిన తాడే కొనుక్కోవచ్చు కదా అనిపిస్తుంది. అలా కాదు. అల్లిక నెమ్మదిగా సాగే పని, అందుకే అదే పీచుతో అదే లావులో అల్లిన తాడు పేనినదాని కంటే ఖరీదు. అంతకంటే పెద్ద చిక్కు, దాని లోపల ఏముందో బయటికి కనిపించదు. పేనిన తాడుకున్న పెద్ద బలం దాపరికం లేకపోవడమే. రెండు చేతులతో పట్టుకుని వెనక్కి మెలితిప్పితే పురులు విడిపోయి లోపలి పోగులు కనిపిస్తాయి. పొడి రాలుతోందా, పోగులు తెగాయా, ఇసుక చేరిందా అన్నది అక్కడికక్కడే చూసుకోవచ్చు. కొసను వెనక్కి వంచి పురులను ఒక్కొక్కటిగా తాడులోకే దూరుస్తూ పోతే గట్టి కన్ను, అంటే కొసన ఊడని ఉంగరం, తయారవుతుంది. చేయి తిరిగినవారు పనిముట్లు లేకుండానే ఈ పని చేసుకుంటారు, పైగా అది ముడి కంటే బలంగా నిలుస్తుంది. తొడుగు ఉన్న అల్లిక తాడుకు అలాంటి కన్ను వేయాలంటే ప్రత్యేకమైన సూదులు, నేర్పు కావాలి.

రెండింటినీ కలిపి వాడిన తీరుకు పెరూలోని కేస్వాచాకా వంతెన చక్కని ఉదాహరణ. అపురిమాక్ నది మీద దాదాపు 30 మీటర్ల పొడవున ఉండే ఈ గడ్డి వంతెనను చుట్టుపక్కల కెచువా గ్రామాల వారు ఏటా జూన్‌లో కొత్తగా కడతారు. గడ్డిని ముందు సన్నని తాళ్లుగా పేనుతారు. వాటిని కలిపి ఇంకాస్త లావు తాళ్లు చేస్తారు. చివరికి ఆ తాళ్లను జడగా అల్లి, మనుషులు నడిచే బరువంతా ఆ జడల మీద పెడతారు. ఆ కట్టే పరిజ్ఞానాన్ని, దాని చుట్టూ ఉన్న ఆచారాన్ని యునెస్కో 2013లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పొట్టి గడ్డిపోచలను పొడవాటి తాడుగా మార్చేది పేనడం. ఆ తాళ్లు కలిసికట్టుగా, తిరగకుండా బరువు మోసేలా చేసేది అల్లడం.

అల్లికలోనూ తేడాలున్నాయి

లోపల ఏమీ లేకుండా గొట్టంలా అల్లినది గుల్ల అల్లిక. బరువు పడితే చదునుగా మారుతుంది. తేలికైనది, చవకైనది. నీటిలో కొట్టుకుపోతున్నవారికి విసిరే తాళ్లు చాలావరకు తేలే పీచుతో ఇలా అల్లినవే. రెండోది నిండు అల్లిక: లోపల ఖాళీ లేకుండా పురులన్నీ ఒకదానిలో ఒకటి కుట్టుకుపోయి ఉంటాయి. జెండా ఎగరేసే తాడు, కిటికీ తెరల తాడు, చిన్న గిలకల మీద నడిచే తాళ్లకు ఇది మంచిది, ఎంత నలిగినా గుండ్రదనం పోదు.

మూడోది లోపల ఒక కట్ట, పైన అల్లిన తొడుగు ఉండే రకం. బజారులో ఎక్కువ మోసానికి అవకాశం ఉన్నదీ, అన్నిటికంటే నమ్మదగినదీ రెండూ ఇందులోనే ఉన్నాయి. మంచి తాడులో లోపలి కట్టే అసలు బరువు మోస్తుంది, తొడుగు దాన్ని రాపిడి నుంచి, ఎండ నుంచి కాపాడుతుంది. నాసిరకం తాడులో మెరిసే తొడుగు కింద రంగురంగుల వ్యర్థపు నూలు కూరి ఉంటుంది. అది లావు కోసం పెట్టినది మాత్రమే, మోసేది పలచని తొడుగొక్కటే. కొనే ముందు కొసను కోయించి చూడండి. లోపలి పోగులు పొడవుగా, ఒకే రంగులో, తొడుగంత గట్టిగా ఉన్నాయా? ముక్కలు ముక్కలుగా ఊడి వస్తున్నాయా? కోయడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే అక్కడ కొనకండి.

ఆన్‌లైన్‌లో పారాకార్డ్ పేరుతో అమ్మే సన్నని తాడుకూ ఇదే పరీక్ష. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా పారాచూట్లకు వాడిన తాడు అది. అసలైన 550 రకం 550 పౌండ్లు, అంటే దాదాపు 250 కిలోలు తట్టుకోవాలి. నైలాన్ తొడుగు లోపల ఏడు నుంచి తొమ్మిది నైలాన్ పోగులు ఉండాలి. తొడుగు ఒలిస్తే మూడో నాలుగో పోగులు, లేదా దూదిలాంటి కూరు కనిపిస్తే అది అలంకారానికే. అసలుదైనా సామాన్లు కట్టుకోవడానికీ డేరా వేసుకోవడానికే కానీ మనిషి వేలాడటానికి కాదు.

దేనితో చేశారన్నది

మన దుకాణాల్లో నైలాన్ తాడు అని ఇచ్చేవాటిలో చాలావరకు నైలాన్ కావు. పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో మెరుస్తూ, ముట్టుకుంటే కాస్త గరుకుగా ఉండే చవక తాళ్లు పాలీప్రొపిలీన్ లేదా పాలిథిన్ జాతివి. తెలుసుకోవడం చాలా తేలిక. చిన్న ముక్క కోసి, పోగులు విడదీసి, బుడగలు పోయేలా నలుపుతూ తడిపి గ్లాసు నీటిలో వేయండి. నీటి సాంద్రత 1 అనుకుంటే పాలీప్రొపిలీన్‌ది 0.91, పాలిథిన్‌ది సుమారు 0.95, కాబట్టి రెండూ తేలతాయి. నైలాన్ 1.14, పాలియెస్టర్ 1.38, అవి మునుగుతాయి.

పేరు తేడాకు ఇంత పట్టింపు ఎందుకంటే వీటి స్వభావాలు ఒకదానికొకటి పోలవు. నైలాన్ బాగా సాగుతుంది, కుదుపును మింగుతుంది, కానీ నీరు పీల్చుకుని తడిసినప్పుడు బలం కొంత కోల్పోతుంది. పాలియెస్టర్ అంతగా సాగదు, తడిసినా బలం తగ్గదు, ఎండకు బాగా ఓర్చుకుంటుంది. పాలీప్రొపిలీన్ నీరు పీల్చదు, తేలిక, చవక. కానీ ఎండలో దాని పోగులు పెళుసెక్కి పొడిగా రాలిపోతాయి, రాపిడి వేడికి త్వరగా మెత్తబడుతుంది. నైలాన్ 220 డిగ్రీల దగ్గర కానీ కరగదు, ఇది 165 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మంచి తయారీలో 10 మి.మీ. లావున్న మూడు పురుల తాడు తెగడానికి కావలసిన బరువు నైలాన్‌కు దాదాపు 2 టన్నులు, పాలియెస్టర్‌కు 1.6 టన్నులు, పాలీప్రొపిలీన్‌కు 1.4 టన్నులు. మనీలా నార తాడుకు 0.7 టన్నే. ఊరు పేరు లేని తాడుకు ఈ లెక్కలు వర్తించవు.

నార తాళ్ల సంగతి వేరు. కొబ్బరి పీచు ఉప్పునీటికి ఓర్చుకుంటుంది, గరుకుగా ఉండి ముడి జారదు, కానీ బలం తక్కువ. జనపనార, జనుము, గోగునార పొడిగా ఉన్నంతకాలం మంచివి, తడిలో వదిలేస్తే కుళ్లిపోతాయి. నూలు మెత్తనిది, చర్మానికి హితమైనది, ముడి గట్టిగా పట్టి ఉంచుతుంది. తడి, చెద రెండూ దానికి శత్రువులే.

బోరు మోటారు తాడు

రైతులు తాడు మీద ఎక్కువ ఖర్చు, ఎక్కువ ఆందోళన పడేది ఇక్కడే కాబట్టి కాస్త నిలిచి చూద్దాం. మోటారుకు కట్టే తాడు పైపుకు తోడుగా ఉండే భద్రత మాత్రమే. కానీ పైపు జాయింటు ఊడిన రోజున మొత్తం దాని మీదే పడుతుంది. ఎంత పడుతుందో లెక్క వేయవచ్చు. లోపలి వ్యాసం 32 మి.మీ. ఉన్న పైపులో మీటరుకు సుమారు 0.8 లీటరు నీరు నిలుస్తుంది. బోరులో నీటి మట్టం 100 మీటర్ల లోతున ఉందనుకుంటే, వాల్వు పట్టి ఉంచిన నీరే 80 కిలోలు. దానికి మోటారు, పంపు, పైపు, కేబుల్ బరువు కలపాలి. లాగేటప్పుడు కేసింగ్‌కు, అంటే బోరు గోడకు వేసిన గొట్టానికి, ఎక్కడైనా పట్టేస్తే లాగుడు ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మూడు పురుల పేనిన తాడు వద్దని నా సలహా. దించేటప్పుడు బరువు పడి తాడు విప్పుకుంటూ తిరుగుతుంది. ఆ తిరుగుడుకు కేబుల్ పైపు చుట్టూ మెలికలు పడుతుంది. మోటారు ఆన్ అయిన ప్రతిసారీ పడే కుదుపు దానికి తోడవుతుంది. పైకి లాగే రోజున కేబుల్ చర్మం లేచిపోయి కనిపించడానికి ఇదొక కారణం. అల్లిన తాడు ఈ ఒక్క బాధ తప్పించినా దాని అదనపు ఖరీదు గిట్టుబాటే.

పీచు విషయంలో మాత్రం చవకదే చాలు. ఎండలో పొడి అయిపోయే పాలీప్రొపిలీన్‌కు బోరు లోపల ఎండ సోకదు. నీరు పీల్చదు, కుళ్లదు. దండేనికి పనికిరాని తాడు బోరులో చక్కగా పని చేస్తుంది. కేసింగ్ పైకి వచ్చి ముడి వేసిన రెండు మూడు అడుగులే ఎండలో ఉంటాయి. ఆ భాగానికి పాత గొట్టం తొడిగి, కేసింగ్ అంచు కోయకుండా చూసుకోవాలి. నైలాన్ కూడా నడుస్తుంది కానీ పొడవు మీద బాగా సాగుతుంది; 150 మీటర్ల తాడు 5 శాతం సాగినా ఏడున్నర మీటర్లు. పైపు ఊడిన రోజున మోటారు అంత దూరం కుదుపుతో జారాక కానీ తాడు పట్టుకోదు. డబ్బు పెట్టగలిగితే అల్లిన పాలియెస్టర్ అన్నిటికంటే మేలు.

పశువుల తాళ్లు

పలుపు విషయంలో బలం కంటే మెత్తదనం ముఖ్యం. ప్లాస్టిక్ తాడు మెడ మీద కోసుకుపోతుంది. ముకుతాడుగా వేస్తే ముక్కు పుండు పడుతుంది, ఈగలు ముసురుతాయి. ఎండకు పొడి అయిన పోగులను పశువు నమిలి మింగడం ఇంకో ముప్పు. మెడకు, ముక్కుకు తగిలే చోట నూలు తాడే వాడాలి. అల్లిన నూలు తాడు దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే పశువు గుంజ చుట్టూ తిరిగేకొద్దీ పేనిన తాడు ఒకవైపు తిరిగితే బిగిసి ఉంగరాలు పడుతుంది, రెండో వైపు తిరిగితే విప్పుకుని బలం పోతుంది. అల్లినది ఏ వైపు తిరిగినా దాదాపు ఒకేలా ఉంటుంది. అది దొరకకపోతే పేనిన నూలు తాడే వేసి, గుంజ దగ్గర గిర్రున తిరిగే ఇనుప కొక్కెం పెట్టండి. మెడకు వేసే ముడి లాగితే బిగుసుకునేది కాకూడదు. నీళ్లలో, పేడలో నానుతుంది కాబట్టి నూలు పలుపును తరచుగా మార్చాలి. ఆ ఖర్చుకు వెనకాడకండి.

దండెం, ఉయ్యాల, సామాన్లు

దండేనికి అల్లిన పాలియెస్టర్ వేయండి. నైలాన్ తడిబట్టల బరువుకు సాగి నేలకు వంగుతుంది, పాలీప్రొపిలీన్ ఎండకు పొడి అయి బట్టలకు అంటుకుంటుంది, కొబ్బరి తాడు మరకలు వేస్తుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ఇనుప తీగ కూడా బాగానే ఉంటుంది, పూత పగిలేదాకా.

అట్లతద్దికి చెట్టుకు వేసే ఉయ్యాల అయినా, ఇంట్లో దూలానికి వేసేదైనా, 12 మి.మీ.కు తగ్గని అల్లిన పాలియెస్టర్ నా మొదటి ఎంపిక. బలం కోసం అంత లావు అక్కర్లేదు, చేతి పట్టు కోసం కావాలి; సన్నని తాడు అరచేతిని కోస్తుంది. కొమ్మకు ఒరుసుకునే చోట గోనెపట్టా చుట్టాలి. లావు నూలు మోకు చేతికి ఇంకా హాయిగా ఉంటుంది, అయితే వానలో వదిలేయకూడదు. ఏ తాడైనా పండుగ నాడు పిల్లలను ఎక్కించే ముందు ఇద్దరు పెద్దవాళ్లు కలిసి వేలాడి చూడాలి.

బండి మీద గడ్డి, బస్తాలు కట్టడానికి మూడు పురుల చవక తాడు చాలు. ఇక్కడ తిరిగే బరువు లేదు, తరచు కోసి ముడివేస్తుంటాం, అల్లిక మీద డబ్బు దండగ. ఆగిపోయిన వాహనాన్ని లాగడానికైతే సాగే నైలాన్ కావాలి, కుదుపును అదే మింగుతుంది. కానీ సాగిన నైలాన్ తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. లాగేటప్పుడు ఆ తాడు వరుసలో ఎవరూ నిలబడకూడదు.

మనిషి వేలాడే తాడు

ఇక్కడ బేరం వద్దు, సర్దుబాటు వద్దు. కొండలెక్కడానికి, పై అంతస్తుల గోడలకు రంగు వేయడానికి, బావిలో దిగడానికి వాడవలసినది లోపల కట్ట, పైన తొడుగు ఉండి, ఆ పని కోసమే పరీక్షించి ముద్ర వేసిన తాడు. ఈ నిర్మాణాన్ని కొండతాళ్లలోకి 1953లో జర్మనీకి చెందిన ఎడెల్రిడ్ కంపెనీ తెచ్చింది. అంతకుముందు వాడిన పేనిన తాళ్లకు వేలాడితే మనిషి గిర్రున తిరిగేవాడు.

ఇందులో రెండు జాతులున్నాయి, ఒకదాని పనికి ఇంకొకటి వాడితే ప్రాణానికే ముప్పు. సాగే తాడు పైకి ఎక్కేవారిది. జారిపడినప్పుడు అది సాగి పతనాన్ని మెల్లగా ఆపుతుంది. దీనికి యూరప్ ప్రమాణం ఈఎన్ 892. పరీక్షలో మొదటి పతనానికి 40 శాతం వరకు సాగవచ్చు, శరీరం మీద పడే దెబ్బ 12 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 1200 కిలోల బరువంత, దాటకూడదు. సాగని తాడు దిగేవారిది, రక్షణ సిబ్బందిది, గోడల మీద పని చేసేవారిది. దాని ప్రమాణం ఈఎన్ 1891. సాగని తాడు మీద కొన్ని అడుగులు జారిపడినా ఆగిన దెబ్బకు వెన్నెముక దెబ్బతినవచ్చు. తొడుగు రంగు చూసి రెండింటినీ గుర్తుపట్టలేం, కొసన ఉన్న చీటీ చదవాలి.

భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టిన మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఆ తర్వాత మన పిల్లలకు రాతి గుట్టలు ఎక్కే ఉత్సాహం పెరిగింది. పంపే తల్లిదండ్రులు శిక్షకులను నిర్మొహమాటంగా అడగవలసినవి ఇవి: ఈ తాడు ఏ ప్రమాణంది, ఎప్పుడు కొన్నారు, ఇప్పటికి ఎంత పెద్ద పతనాన్ని ఆపింది?

తాటిచెట్లెక్కే గీత కార్మికుల మోకు వేరే కథ. అది చెట్టును, మనిషిని కలిపి చుట్టే పనిముట్టు, నైపుణ్యంతో నడిచేది. కానీ కాలు జారితే ఆపేందుకు రూపొందించినది కాదు. తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షా కవచం పేరుతో భద్రతా కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. చెట్టెక్కేవారు ఎవరైనా మోకును వదులుకోనక్కర్లేదు, దానికి తోడుగా నడుముకు, తొడలకు పట్టే జీను, జారితే పట్టుకునే తాడు ఉండాలి. మోకా, కిట్టా అని ఎంచుకునే పోలిక ఇది కాదు, రెండూ కావాలి.

చిన్న అల్లికలు

ఫోను ఛార్జింగ్ కేబుల్ మీద నైలాన్ అల్లిక చూసి ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఒక సంగతి గమనించండి. అల్లిక రాపిడిని, చిక్కులు పడటాన్ని ఆపుతుంది. కేబుల్ ఎక్కువగా చెడిపోయేది పిన్ను మెడ దగ్గర, లోపలి తీగ వంగి వంగి తెగడం వల్ల. మెడ దగ్గర మెత్తని రబ్బరు పట్టీ పొడవుగా ఉన్న మామూలు కేబుల్, అది లేని అల్లిక కేబుల్ కంటే ఎక్కువ కాలం రావచ్చు.

పొలం పంపులో నీరు ఎక్కువగా కారకుండా షాఫ్టు చుట్టూ కూర్చే గ్లాండ్ తాడు కూడా అల్లినదే, చతురస్రంగా, గ్రాఫైట్ లేదా గ్రీజు పట్టించి ఉంటుంది. పేనిన జనపనార ముక్కలు కూరి పని గడుపుకునేవారు ఉన్నారు. అది పోగులుగా విడిపోయి షాఫ్టుకు చుట్టుకుంటుంది, వేడెక్కి షాఫ్టును అరగదీస్తుంది. సరైన కొలత తాడును ఉంగరాలుగా కోసి, అతుకులన్నీ ఒకే చోటికి రాకుండా ఒక్కొక్కదాన్ని పావు చుట్టు తిప్పి కూర్చాలి. బిగించాక నీరు పూర్తిగా ఆగిపోతే ఎక్కువ బిగించినట్టే. చుక్కలు చుక్కలుగా పడుతుండాలి, షాఫ్టును చల్లబరిచేది ఆ చుక్కలే.

చేపల గాలానికి అల్లిన దారం అదే బలానికి సన్నగా ఉంటుంది, సాగదు, చేప ముట్టిన సంగతి వెంటనే చేతికి తెలుస్తుంది. ఒంటిపోగు నైలాన్ నీటిలో కనిపించదు, రాళ్లకు ఒరుసుకున్నా ఓర్చుకుంటుంది. అందుకే చాలామంది వెనక అల్లిన దారం వేసి, గాలం దగ్గర కొన్ని అడుగులు ఒంటిపోగు కడతారు. గాయాలు కుట్టే దారాల్లోనూ ఇదే తగువు ఉంది: అల్లిన దారం ముడి చక్కగా నిలుపుతుంది, కానీ పోగుల సందుల్లో క్రిములు దాగే వీలుంది, ఒంటిపోగు శుభ్రంగా జారుతుంది, ముడి మాత్రం వదులవుతుంది. ఏది వాడాలన్నది గాయాన్ని బట్టి డాక్టరు నిర్ణయం. లంగా బొందుకు, పైజామాకు చదునుగా అల్లిన నూలు పట్టీ మేలు. గుండ్రని పాలియెస్టర్ తాడు ముడి నిలవదు.

కట్టుకునే తాళ్లు

బరువు మోయని తాళ్లు కూడా మనకు చాలా ఉన్నాయి. వరలక్ష్మీ వ్రతానికి తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్లతో కట్టుకునే తోరం, మూడు పోగుల జందెం, పసుపుతాడు, పసిపిల్లల మొలతాడు. వీటిలో చాలావరకు పేనినవే, నూలువే. ఇప్పుడు వీటి స్థానంలో నిగనిగలాడే పాలియెస్టర్ అల్లిక తాళ్లు వస్తున్నాయి. రంగు పోవు, మాయవు, తెగవు. నేను మాత్రం నూలే కట్టుకోమంటాను. నూలు పసుపును పీల్చుకుంటుంది, చెమటను పీల్చుకుంటుంది. పాతబడి తెగుతుంది కాబట్టి కొత్తది కట్టుకునే సందర్భం వస్తుంది. ఆ మార్చుకోవడం కూడా ఆచారంలో భాగమే.

పసిపిల్లల విషయంలో తెగడమే మంచి గుణం. మొలతాడు దేనికైనా తగులుకుంటే నూలు పోగు తెగిపోతుంది, నైలాన్ అల్లిక తెగదు. మెడకు మాత్రం ఏ రకం తాడూ కట్టవద్దు. నడుముకు కట్టినదాన్ని కూడా రెండు వేళ్లు దూరేంత వదులుగా ఉంచి, బిడ్డ పెరిగేకొద్దీ సరిచూసుకోవాలి. ఊయల దగ్గర కిటికీ తెరల తాళ్లు వేలాడకుండా పైకి కట్టేయండి.

జపాన్‌లో కుమిహిమొ అనే పట్టు అల్లిక ఒకప్పుడు యోధుల కవచాల పలకలను కూర్చింది, కత్తులకు తాడైంది. 1876లో కత్తి ధరించడం నిషేధించాక ఆ పనివారు కిమొనో నడికట్టు మీద బిగించే తాళ్ల వైపు మళ్లారు. దాన్ని ఇప్పటికీ పట్టుతో అల్లడానికి అందం ఒక్కటే కారణం కాదు. పట్టు కొద్దిగా సాగి మళ్లీ బిగుస్తుంది, ముడి రోజంతా జారదు. మీరు అలాంటి తాడు కొంటే కృత్రిమ పట్టుకు బదులు అసలు పట్టుకే ఖర్చు పెట్టండి.

కొన్నాక

చీటీ మీద రాసిన బలం కొత్త తాడుది, ముడి లేని తాడుది. ముడి వేస్తే అందులో సగం దాకా పోవచ్చు. కాబట్టి 1000 కిలోలని రాసి ఉంటే ముడికి సగం తీసి, మిగిలిన 500లో ఐదో వంతు, అంటే 100 కిలోల వరకే సామాన్లకు నమ్మండి. నునుపైన అల్లిక తాళ్లకు ముడి జారుతుంది, ఒక చుట్టు అదనంగా వేసి కొసను జానెడు వదలండి. కోసిన వెంటనే కృత్రిమ తాళ్ల కొసను నిప్పుకు కరిగించాలి, నూలు, నార తాళ్ల కొసను దారంతో గట్టిగా చుట్టాలి. లేకపోతే అల్లిక కొస నుంచి ఊడుతూ పోతుంది.

అల్లిన తాడు లోపలి కట్ట పాడైందో లేదో చూపు చెప్పలేదు కాబట్టి వేళ్లతో తడమాలి. మొత్తం పొడవును బొటనవేలు, చూపుడువేలు మధ్య నెమ్మదిగా లాగుతూ పోతే, ఎక్కడైనా సన్నబడినట్టు, బోలుగా ఉన్నట్టు, గట్టి ముద్ద తగిలినట్టు అనిపిస్తే ఆ చోట కట్ట దెబ్బతిన్నట్టే. తొడుగు చిరిగి లోపలి తెల్ల పోగులు కనిపించినా, బ్యాటరీ ఆమ్లం లాంటి రసాయనం పడినా, పెద్ద కుదుపు తిన్నా ఆ తాడు మనిషి పనికి ఇక పనికిరాదు. దాన్ని గడ్డి కట్టలకు వాడుకుందామని మూలన పెట్టేస్తే, తెలియని ఇంకొకరు నడుముకు కట్టుకుని బావిలో దిగే అవకాశం ఉంది. అలాంటి తాడును అదే రోజు రెండేసి మూరల ముక్కలుగా కోసేయండి.